కచటతప త్రిభుజం: కోణాలన్నీ కూడినా తేలని ఒక లెక్క

ప్రశ్న (విజయనగరం నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదమూడేళ్ళు. మూడేళ్ళుగా ఇంట్లోనే చదువు చెబుతున్నాము. పద్నాలుగు నిండాక ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పరీక్ష రాయించాలన్నది మా ఆలోచన. తెలుగు, సాంఘికశాస్త్రం వాళ్ళ నాన్నగారు చూసుకుంటారు; లెక్కలు, సైన్సు నా వంతు. డిగ్రీ వరకు లెక్కలు చదువుకున్నదాన్ని కాబట్టి ఇంతవరకు పెద్దగా ఇబ్బంది పడలేదు. అయితే పోయిన శుక్రవారం నుంచి ఒక్క రేఖాగణితం లెక్క దగ్గర తల్లీకూతుళ్ళం ఇద్దరం ఆగిపోయాము. త్రిభుజాల అధ్యాయం పూర్తయిన సందర్భంగా ఇంటిపనిలో కాస్త గట్టి లెక్క ఒకటి ఉండాలని, నా దగ్గరున్న పాత కాగితాల్లోంచి ఏరి ఇచ్చింది నేనే. ఇచ్చే ముందు నేను ఒకసారి చేసి చూసుకోవలసింది.

బొమ్మను మాటల్లో చెబుతాను. అమ్మాయి తన పుస్తకంలో బిందువులకు క, చ, ట, త, ప అని ఐదు పరుషాలనూ పేర్లుగా పెట్టుకుంది. నేనూ అవే వాడుతున్నాను. కచట ఒక సమద్విబాహు త్రిభుజం. పై శీర్షం క, భూమి చట. కచ, కట భుజాలు సమానం. క దగ్గర కోణం 20 డిగ్రీలు, కాబట్టి చ దగ్గర, ట దగ్గర 80 డిగ్రీల చొప్పున ఉంటాయి. చ నుంచి, భూమితో 60 డిగ్రీల కోణం చేసేలా, ఎదుటి భుజమైన కట మీదికి ఒక గీత గీయాలి. అది తాకిన చోటు త. అలాగే ట నుంచి, భూమితో 50 డిగ్రీల కోణం చేసేలా, కచ మీదికి ఇంకో గీత గీయాలి. అది తాకిన చోటు ప. ఇప్పుడు ప, త బిందువులను కలిపితే, త దగ్గర ఏర్పడే చతప కోణం ఎంత? లెక్క ఇంతే.

మొదట నోటుపుస్తకంలో 4 సెంటీమీటర్ల భూమితో వేసింది. గీతలన్నీ దగ్గర దగ్గరగా పడి, కోణమానిని పెడితే ఒకసారి 28, ఇంకోసారి 32 వచ్చాయి. దాంతో పాత గోడ క్యాలెండరు కాగితాన్ని తిరగేసి నేల మీద పరుచుకుని, పెన్సిలు మొన సన్నగా చెక్కుకుని, 8 సెంటీమీటర్ల భూమితో మళ్ళీ వేసింది. ఈ త్రిభుజం ఎంత నిలువుగా సాగుతుందో అప్పుడే చూశాము. 8 సెంటీమీటర్ల భూమికి పక్క భుజాలు 23 సెంటీమీటర్లు దాటాయి. అంత పెద్ద బొమ్మలో కోణం 30 డిగ్రీలు వచ్చినట్టే కనిపించింది. జవాబు దొరికిందిలే అని నేను అనబోతుంటే, "ముప్పై అని కొలిచాం కానీ, ముప్పైయే ఎందుకు అవ్వాలో మనకి తెలీదు కదమ్మా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

నేను చేసిన ప్రయత్నం కూడా రాస్తాను, తప్పుంటే చెప్పండి. చతప కోణాన్ని య అనుకున్నాను. చత, టప గీతలు ఖండించుకునే చోట 180 లోంచి 60, 50 తీసేస్తే 70 మిగులుతుంది, దాని ఎదుటి కోణమూ అంతే. కాబట్టి ప దగ్గర టపత కోణం 110 − య. చతట కోణం 40 కనుక కతప కోణం 140 − య. చపట కోణం 50 కనుక కపత కోణం 20 + య. చివరికి పై చిన్న త్రిభుజంలో మూడు కోణాలూ కూడితే 20 + 140 − య + 20 + య = 180 అని వచ్చి, య ఎగిరిపోయి, 180 = 180 అని మిగిలింది. నాలుగు రోజులుగా ఏ వైపు నుంచి మొదలుపెట్టినా ఇదే గతి.

ఏదో ఒక అదనపు గీత గీయాలని తెలుస్తూనే ఉంది. ఆ గీత ఎక్కడ గీయాలన్న ఊహ ఎక్కడి నుంచి వస్తుందన్నదే నాకు ముఖ్యం. సాధనను అప్పచెప్పేస్తే అమ్మాయి రాసుకుంటుంది, కానీ తృప్తి పడదు. దారి ఎంతవరకు చూపించి ఎక్కడ ఆగాలో కూడా అనుభవం ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు (రాజాం నుంచి)

మేడమ్, మీరు ఒక్క అవ్యక్తరాశినే తీసుకోవడం వల్ల ఇలా జరిగి ఉంటుందని నా అనుమానం. తెలియని కోణాలు నాలుగున్నాయి: చతప, టపత, కతప, కపత. సమీకరణాలు కూడా నాలుగున్నాయి. మొదటి రెండింటి మొత్తం 110, చివరి రెండింటి మొత్తం 160, త దగ్గరి రెండింటి మొత్తం 140, ప దగ్గరి రెండింటి మొత్తం 130. నాలుగు సమీకరణాలకు నాలుగు అవ్యక్తరాశులు కాబట్టి ఓపికగా సాధిస్తే జవాబు రావాలి. నేను పూర్తిగా చేసి చూడలేదు, పద్ధతి మాత్రం చెబుతున్నాను.

జవాబు (ఆమదాలవలస నుంచి, విశ్రాంత గణితోపాధ్యాయుడు)

అమ్మా, ముందుగా రాజాం మిత్రులు చెప్పిన పద్ధతి గురించి రెండు మాటలు చెప్పి అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే చాలామంది అక్కడే చిక్కుకుంటారు. ఆ నాలుగు సమీకరణాల్లో మొదటి రెండూ కూడితే 270, చివరి రెండూ కూడినా 270. అంటే నాలుగోది కొత్తగా చెప్పేదేమీ లేదు, మిగిలిన మూడింట్లోనే అది ఉంది. వరుసగా 30, 80, 110, 50 వేసి చూడండి, నాలుగూ సరిపోతాయి. 40, 70, 100, 60 వేసి చూడండి, అవీ సరిపోతాయి. మూడు కోణాల మొత్తం 180 అన్న సూత్రానికి భుజాల పొడవులతో పని లేదు; గీతలు నిజంగా ఒకే చోట కలుస్తాయా లేదా అన్నది పొడవులే తేలుస్తాయి. మీ 180 = 180 లో తప్పేమీ లేదు. కోణాలను కూడుతూ పోతే ఈ లెక్క తేలదని అది మీకు నిజమే చెప్పింది.

కాబట్టి కోణాలను పొడవులుగా మార్చుకోవాలి. మన చేతిలో ఉన్న పనిముట్టు ఒక్కటే, అది ఏడో తరగతి పిల్లలకు కూడా తెలిసినదే: త్రిభుజంలో రెండు కోణాలు సమానమైతే వాటి ఎదుటి భుజాలు సమానం. బొమ్మలో అలాంటి జంటలు ఎక్కడ దాగి ఉన్నాయో వెతకమని అమ్మాయికి చెప్పండి. చపట త్రిభుజంలో చ దగ్గర 80, ట దగ్గర 50, కనుక ప దగ్గర కూడా 50. రెండు యాభైలు కనబడగానే చప, చట సమానమని తెలిసిపోతుంది. లెక్క ఇచ్చినవారు 50 అన్న అంకెను ఊరికే పెట్టలేదు, దీని కోసమే పెట్టారు.

ఇక మీరడిగిన ముఖ్యమైన ప్రశ్న, గీత ఎక్కడ గీయాలన్న ఊహ ఎలా వస్తుందని. చ నుంచి చట పొడవుకు సమానమైన గీత ఒకటి దొరికింది కదా, మరి ఆ పొడవు ఇంకెక్కడ పడుతుందని అడగాలి. వృత్తలేఖినిని సరిగ్గా 8 సెంటీమీటర్లకు తెరిచి, ముల్లు చ దగ్గర గుచ్చి, పెన్సిలును ట దగ్గర మొదలుపెట్టి పైకి తిప్పమనండి. చాపం మొదట త్రిభుజం బయటికి కొద్దిగా పోతుంది, తరువాత కట భుజాన్ని ఇంకొక చోట కోసుకుంటూ లోపలికి వచ్చి, కచ భుజాన్ని ప దగ్గర తాకుతుంది. మధ్యలో కోసిన ఆ చోటే మనకు కావలసిన బిందువు. మీరు పరుషాలు వాడారు కాబట్టి, కొత్తగా వచ్చే బిందువులకు నేను సరళాలు వాడతాను. దీన్ని గ అందాం. మీ బొమ్మలో ఇది ట నుంచి 3 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ దూరంలో పడుతుంది. నా తరగతిలో ఈ లెక్క చెప్పినప్పుడల్లా ఇంతవరకే చెప్పి, సుద్దముక్క కింద పెట్టేసేవాణ్ణి. మీరూ ఇక్కడ ఆగవచ్చు. ఈ కింది భాగం మీ కోసం మాత్రమే రాస్తున్నాను.

చగ, చట సమానం కనుక చగట కోణం కూడా 80, అందువల్ల గచట కోణం 20. చ దగ్గర మొత్తం 80 లోంచి ఆ 20 పోతే పచగ కోణం 60. చప, చగ సమానంగా ఉండి మధ్య కోణం 60 అయింది కాబట్టి పచగ సమబాహు త్రిభుజం. అంటే గప కూడా అంతే పొడవు. ఇప్పుడు గచత త్రిభుజం చూడండి: చ దగ్గర 60 లోంచి 20 పోతే 40, త దగ్గర చతట కోణం ఎలాగూ 40. మళ్ళీ జంట దొరికింది, కనుక గచ, గత సమానం. గప, గత సమానమయ్యాయి. గ దగ్గర సరళకోణం 180 లోంచి 80, 60 పోతే పగత కోణం 40. మిగిలిన 140 ని ప, త సమంగా పంచుకుంటాయి కాబట్టి గతప కోణం 70. అందులోంచి చతగ కోణం 40 తీసేస్తే మీకు కావలసిన చతప కోణం 30.

అమ్మాయి కొలతను తక్కువ చేయకండి. ఈ బొమ్మను స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి కచ్చితంగా వేయడం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే 20 డిగ్రీల కోణం కావాలంటే 60 ని మూడు సమభాగాలు చేయాలి. ఆ రెండు పనిముట్లతో అది సాధ్యం కాదని 1837లో ఫ్రెంచి గణితవేత్త వాంజెల్ నిరూపించారు. కోణమానిని పట్టుకోక తప్పని బొమ్మ ఇది. కొలిచి 30 అని ఊహించి, ఆపైన ఎందుకని అడగడం సరైన క్రమమే. ఈ లెక్కకు కూడా వయసు తక్కువేమీ కాదు. 1922లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ మాన్ లాంగ్లీ దీన్ని ఉపాధ్యాయుల ముందు పెట్టారు, అప్పటి నుంచి ఆయన పేరుతోనే తిరుగుతోంది. నాలుగు రోజులు పట్టిందని దిగులు పడవలసిన పని లేదమ్మా.

జవాబు (పొందూరు నుంచి)

నేనూ ఇద్దరు మగపిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న తండ్రిని. మాస్టారి సాధన చదివాక, మేము పోయిన వేసవిలో చేసిన ఇంకొక దారి కూడా చెప్పాలనిపించింది. మాది నూలు వడికే ఇల్లు కాబట్టి దారానికి కొదవ లేదు; చెక్క పలక మీద గుండుసూదులు గుచ్చి, వాటికి దారం బిగించి ఈ బొమ్మ వేసుకున్నాము. దారం ఒకటి కదిపితే మిగిలినవి ఎలా మారుతున్నాయో పిల్లల కంటికి కనబడుతుంది, అదొక లాభం.

మా పెద్దవాడు 60 అన్న అంకెను పట్టుకున్నాడు. ఒక పక్క 60 ఉన్నప్పుడు రెండో పక్క కూడా 60 ఉంటే బొమ్మ సౌష్ఠవంగా ఉంటుంది కదా అని, త నుంచి భూమికి సమాంతరంగా ఒక దారం కట్టాడు. అది కచ భుజాన్ని తాకిన చోటును మాస్టారి పద్ధతిలో జ అందాం. జట దారం కడితే అది చత దారాన్ని డ దగ్గర ఖండిస్తుంది. కింద డచట సమబాహు త్రిభుజం, పైన డజత ఇంకొక సమబాహు త్రిభుజం తలకిందులుగా నిలబడతాయి. మాస్టారు చెప్పినట్టు చప, చట సమానం. చడ కూడా అంతే పొడవు. కాబట్టి పచడ త్రిభుజంలో చ దగ్గర 20 పోగా, ప దగ్గర, డ దగ్గర 80 చొప్పున వస్తాయి. చడజ కోణం 120 కనుక పడజ కోణం 40. జచట త్రిభుజంలో 80, 60 పోగా జ దగ్గర మిగిలేదీ 40. కనుక పడ, పజ సమానం. అటు తడ, తజ ఎలాగూ సమానం. ప నుంచీ త నుంచీ కూడా డ, జ సమదూరంలో ఉన్నాయి కాబట్టి, పత గీత డజ గీతకు లంబ సమద్విఖండన రేఖ. అది త దగ్గరున్న 60 డిగ్రీల కోణాన్ని రెండు సగాలు చేస్తుంది. సగం 30.

అయితే ఒక్క మాట. మా వాడికి ఈ దారం ఎక్కడ కట్టాలో తెలియడానికి పదకొండు రోజులు పట్టింది, మధ్యలో రెండుసార్లు పలక తీసి అటక మీద పెట్టేశాము. అందుకని, లెక్కను రోజూ ముందు పెట్టి కూర్చోబెట్టడం కంటే, కళ్ళ ముందు కనబడే చోట వదిలేసి వేరే అధ్యాయానికి వెళ్ళిపోవడం మంచిదని నా అభిప్రాయం. బడిలో అయితే గంట కొట్టేస్తారు, ఇంట్లో మనకు ఆ తొందర లేదు.

ప్రశ్న అడిగిన తల్లి

మాస్టారికి, పొందూరు అన్నయ్యగారికి, రాజాం మిత్రులకు కృతజ్ఞతలు. రాజాం వారి నాలుగు సమీకరణాలూ అమ్మాయి చేత వేయించి, రెండు రకాల జవాబులూ సరిపోవడం తనకే చూపించాను. 40 కూడా సరిపోయేసరికి కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. కోణాలు కూడటం మానాలని నేను చెప్పే అవసరం రాలేదు.

తరువాత మాస్టారు ఆగమన్న చోటే ఆగాను. చ దగ్గర ముల్లు గుచ్చి చాపం తిప్పమన్నాను, అంతే. మా వృత్తలేఖిని మర వదులైపోయి మధ్యలో జారిపోతుంటే, గంటస్తంభం దగ్గరికి వెళ్ళి కొత్తది తెచ్చుకున్నాము. చాపం సరిగ్గా ప మీదుగా పోవడం చూసి, యాభైల జంట సంగతి తనే చెప్పింది. గ బిందువు పెట్టి, సమబాహు త్రిభుజం వరకు ఒక పూటలో వచ్చింది. అక్కడ మళ్ళీ ఆగింది. అన్నయ్యగారి మాట గుర్తు పెట్టుకుని, క్యాలెండరు కాగితాన్ని వంటింటి తలుపుకు అంటించి వదిలేశాను.

నిన్న సాయంత్రం నేను అన్నం వారుస్తుండగా వచ్చి, ఈసారి ముల్లును గ దగ్గర గుచ్చింది, వృత్తలేఖినిని మళ్ళీ తెరవకుండా, అదే 8 సెంటీమీటర్లతో. పూర్తి వృత్తం తిప్పేసరికి అది చ మీదుగా, ప మీదుగా, త మీదుగా కూడా పోయింది. గత కూడా సమానమేనని నలభైల జంటతో నాకు నిరూపించి చూపించింది. ఆ తరువాత మాస్టారు రాసినట్టు 70 లోంచి 40 తీసెయ్యలేదు. చ, ప, త మూడూ గ కేంద్రంగా ఉన్న వృత్తం మీద ఉన్నాయి, చప జ్యా గ దగ్గర 60 చేస్తోంది, కాబట్టి వృత్తం మీద త దగ్గర దానిలో సగం చేస్తుంది, సగం 30 అని ఒక్క వాక్యంలో ముగించింది. కేంద్రం దగ్గరి కోణం పరిధి మీది కోణానికి రెట్టింపన్న సిద్ధాంతం పోయిన నెల వృత్తాల అధ్యాయంలో చదివింది. దాన్ని ఇక్కడ వాడవచ్చని నాకు తట్టనే లేదు. పొందూరు వారి దారిలోనూ, తన దారిలోనూ 30 అన్నది 60 లో సగంగానే బయటపడటం చూసి, ఆ రెండు అరవైలకూ సంబంధం ఉందా అని ఇప్పుడు అడుగుతోంది.

ఇది సరైన నిరూపణేనా, ఎక్కడైనా లొసుగు ఉందా అని మాస్టారు చూసి చెబితే తనకు చదివి వినిపిస్తాను.

జవాబు (ఆమదాలవలస నుంచి)

లొసుగు లేదమ్మా. ఒక్క చోట మాత్రం ఒక మాట కలపమనండి: త బిందువు చప జ్యాకు గ ఉన్న వైపునే ఉంది, అంటే పెద్ద చాపం మీద ఉంది. అది రాస్తేనే సగం అన్న మాట నిలుస్తుంది. చిన్న చాపం మీద ఉంటే 150 వచ్చేది. అది రాశాక, నా సాధన కంటే ఇదే పొట్టిది, ఇదే అందమైనది. ఇన్నేళ్ళూ నేను ఈ లెక్కను 70 లోంచి 40 తీసే ముగించాను. ఇకమీదట ఎవరైనా అడిగితే మీ అమ్మాయి దారినే చెబుతాను.

ఆ రెండు అరవైల సంగతి తననే వెతకనివ్వండి. తోడుగా ఇంకొకటి ఇస్తున్నాను. అదే కచట త్రిభుజం, చ దగ్గర అదే 60. ట దగ్గర మాత్రం 50 బదులు 70 పెట్టండి. ఈసారి ప దగ్గర టపత కోణం కావాలి. చప ఇప్పుడు చట పొడవుకు సమానం కాదు కాబట్టి చ దగ్గర ముల్లు గుచ్చితే పని జరగదు. పొందూరు అబ్బాయి కట్టిన సమాంతరపు దారం మాత్రం పనికొస్తుంది.

ప్రశ్న అడిగిన తల్లి

పెద్ద చాపం అన్న మాట కలిపి రాసింది మాస్టారూ. డెబ్భై లెక్కకు ఇంకొక క్యాలెండరు కాగితం తీసుకుంది. ఇప్పుడు ఇక్కడి జవాబులు తనూ చదువుతోంది కాబట్టి, నేను మళ్ళీ రాసేవరకు దయచేసి ఎవరూ దాని సాధన పెట్టవద్దని మనవి.